పెద్దకోడలి గొంతు

ఏడవడం నా ఉద్యోగం. "కన్నీటి కాపలా" సీరియల్లో పెద్దకోడలు వెక్కివెక్కి ఏడుస్తుంది కదా, ఆ వెక్కిళ్ళు నావి. తెరమీద కనపడే అమ్మాయికి మన భాష రాదు. మొహం గుండ్రంగా ఉందని ఎక్కడినుంచో పట్టుకొచ్చారు. కెమెరా ముందు ఆవిడ తన భాషలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెబుతూ గ్లిజరిన్ కన్నీళ్ళు కారుస్తుంది. కోపమైతే అంకెలు గట్టిగా, ప్రేమైతే మెల్లగా, ప్రాణం మీదికొస్తే అంకెల మధ్య ఖాళీ వదిలి. నేను డబ్బింగ్ గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఆ పెదాలు ఎంతసేపు ఆడాయో చూసుకుని, అంకెలున్న చోట "నేనేం పాపం చేశానని నన్ను గెంటేస్తున్నారు అత్తయ్యగారూ" అని నింపుతాను. మాటలు అయిపోయినా పెదాలు ఆగకపోతే ఇంకో రెండు వెక్కిళ్ళు కలుపుతాను. దీన్ని జనం నటన అంటారు.

కథ సంగతి చెప్పాలంటే నాకే సిగ్గేస్తుంది. పెద్దకోడలు చదువుకుంది, ఒకప్పుడు బ్యాంకులో పనిచేసింది, మహా తెలివైంది అని మొదట్లో చెప్పారు. అంత తెలివైన మనిషికి, పక్కనే తలుపు వెనక నిలబడి తోటికోడలు వీధంతా వినపడేలా పన్నుతున్న కుట్ర మాత్రం వినపడదు. ఆవిణ్ణి ఇంట్లోంచి గెంటేస్తారు. వాన కురుస్తుంది. తిరిగొస్తుంది, అందర్నీ క్షమిస్తుంది, మళ్ళీ గెంటేస్తారు. రాసేవాడికి ఏదైనా కొత్త ఊహ తట్టిన రోజున మెట్లమీంచి తోస్తారు. అలా పడీపడీ ఆ సెట్టులో మెట్లు అరిగిపోయాయి గానీ ఆవిడ క్షమాగుణం అరగలేదు.

ఈ చెత్తని నెత్తిన పెట్టుకుని ఊరేగేవాళ్ళలో మా అత్తయ్య మొదటి మనిషి. మేముండే అపార్టుమెంటులో ఆడవాళ్ళంతా సాయంత్రం మా హాల్లోనే చేరతారు, మా టీవీ పెద్దదని. కుర్చీలు చాలక మంచం అంచున, గుమ్మంలో, చెప్పుల స్టాండు మీద కూడా కూర్చుంటారు. సొంత మొగుడికి జ్వరమొస్తే మాత్ర తీసుకోమని గదిలోకి కేకేసి చెప్పే మనిషి కూడా, పెద్దకోడలికి పొలమారితే గుండె పట్టుకుంటుంది. ఆ గొంతు నాదేనని అందరికీ తెలుసు. తెలిసినా మా అత్తయ్య ఒప్పుకోదు.

"నువ్వు ఊరికే మాటలు చెబుతావమ్మాయ్. ఏడ్చేది ఆ పిల్ల," అంటుంది.

ఆ పిల్ల అంకెలు చెబుతుందని ఒకసారి చెప్పాను. నేను కుళ్ళుకుంటున్నానని నిర్ణయించేశారు.

ఇలా ఉండగా నా గొంతు పట్టేసింది. తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. చివరికి గొంతుల డాక్టరమ్మ దగ్గరికి వెళితే, ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, తెరమీద నా స్వరతంత్రుల్ని చూపించింది. వాటి అంచున, గడ్డపార పట్టిన చేతికి కాసినట్టు, కాయలు కాశాయి.

"మీరేం చేస్తుంటారు?" అని అడిగింది.

"ఏడుస్తుంటానండీ," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "మామూలుగా మాట్లాడితే, చదివితే ఏం కాదు. వెక్కివెక్కి ఏడవడం, అరవడం మాత్రం ఇక కుదరదు. ముందు కొన్ని వారాలు పూర్తిగా నోరు మూసుకోండి. తర్వాత కూడా ఇదే పని చేశారంటే ఒకరోజు లోపల చిట్లుతుంది. అప్పుడు గొంతు ఉంటుంది గానీ, అది మీ గొంతులా ఉండదు."

సరిగ్గా ఆ రోజుల్లోనే, నేనింకా నోరు మూసుకోవడం మొదలుపెట్టకముందే, పుస్తకాలు చదివి రికార్డు చేసే సంస్థ ఒకటి నన్ను పిలిచింది. చెవులతో వినే పుస్తకాలు. జీవితమంతా నదుల వెంట తిరిగిన ఒక ముసలాయన రాసుకున్న పెద్ద ప్రయాణ పుస్తకం. పరీక్షకి నాలుగు పేజీలు చదివాను. అందులో ఎవరూ ఎవర్నీ గెంటరు. ఆయన నడుస్తాడు, నీళ్ళు చూస్తాడు, పడవవాడితో పిచ్చాపాటీ మాట్లాడతాడు. చదవడం అయ్యాక ఆ సంస్థ పుస్తకాలాయన, "మీరు గొంతు మార్చకండి. మామూలుగా చదివిందే బాగుంది. అట్టమీద మీ పేరు కూడా వేస్తాం," అన్నాడు. ఇన్నేళ్ళలో నా మామూలు గొంతు బాగుందని అన్నవాడు అతనొక్కడే. ఇంటికొచ్చి స్నానాలగదిలో తలుపేసుకుని, అద్దంలో నా మొహానికి నేనే ఆ నాలుగు పేజీలు మళ్ళీ చదివి వినిపించుకున్నాను. ఆ పుస్తకం చదవాలని నాకు ఎంతగా అనిపించిందో ఎవరికీ చెప్పలేదు. చెబితే దాన్ని కూడా కుళ్ళు అంటారు.

కానీ "కన్నీటి కాపలా" నడిచినంతకాలం పెద్దకోడలికి నా గొంతే ఉండాలని ఒప్పందం రాసిచ్చాను. మధ్యలో నేనుగా మానేస్తే ఏ స్టూడియో మెట్లూ ఎక్కనివ్వరు. వాళ్ళు వద్దంటే తప్ప నాకు విడుదల లేదు. నది పుస్తకమా, ఏడుపా అని కొట్టుకుంటున్న సమయంలో, దేవుడు మెలకువగా ఉన్నాడో ఏమో, ఛానెల్‌వాళ్ళు సీరియల్ ఆపేస్తున్నామని ప్రకటించారు. చూసేవాళ్ళు తగ్గిపోయారట. ఆ సమయంలో వంటల పోటీ పెడతారట.

ఆ వార్త వినగానే దారిలో ఒంటరిగా నవ్వుకుంటూ నడిచాను. చేసి పెట్టిన ఎపిసోడ్లు ఇంకొన్ని వారాలకి సరిపడా ఉన్నాయి. నాకు పని లేదు. డాక్టరమ్మ చెప్పినట్టు నోటికి తాళం వేసుకున్నాను. పుస్తకాలాయనకి ఫలానా రోజు నుంచి వస్తానని మెసేజ్ పెట్టాను.

మా హాల్లో మాత్రం చావు ఇంటి వాతావరణం. ఒకావిడ భోజనం మానేసింది, మధ్యాహ్నం పూట మాత్రమే. ఇంకొకావిడ పెద్దకోడలు లేకపోతే సాయంత్రాలు ఎలా గడుస్తాయని అడిగింది. పక్క ఫ్లాటులో ఆవిడ కూతురు పరీక్షకి ఒంటరిగా చదువుకుంటోంది, ఆ సంగతి ఎవరూ గుర్తుచేయలేదు.

"చూస్తూ ఊరుకుంటామా," అంది మా అత్తయ్య. ఊరుకుంటే లోకానికి ఎంతో మేలు జరిగేది.

వాళ్ళు కనిపెట్టిన ఉద్యమం ఏమిటో చెబితే నమ్మరు. పెద్దకోడల్ని చూసి ఏడ్చినప్పుడు కళ్ళు తుడుచుకున్న కర్చీఫుల్ని ఛానెల్ ఆఫీసుకి పంపడం. కన్నీళ్ళకి సాక్ష్యమన్నమాట. ఏ వీధిలో మొదలైందో గానీ ఊరంతా అంటుకుంది. కొందరు ఉతికి, ఇస్త్రీ చేసి పంపారు. ఉతికితే సాక్ష్యం పోతుందని ఎక్కువమంది అలాగే పంపారు. ఆఫీసు గుమ్మంలో బస్తాలు పేరుకున్నాయి. అక్కడి రిసెప్షన్ అమ్మాయి ముక్కుకి గుడ్డ కట్టుకుని పనిచేసిందని తర్వాత విన్నాను, ఆ గుడ్డ కూడా కర్చీఫే అయి ఉంటుంది.

మా ఇంట్లో కర్చీఫులన్నీ మాయమయ్యాయి. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు, పొద్దున బయల్దేరుతూ బీరువా అంతా వెతికాడు.

"అమ్మా, నా కర్చీఫులేవీ?"

"ఛానెల్‌కి పంపే బస్తాలో వేశాంరా."

"నేనెప్పుడు ఏడ్చాను?"

"నీ తరఫున నేనే ఏడ్చాను," అంది మా అత్తయ్య. అతను చొక్కా చేతికి మొహం తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అంతకంటే పెద్ద తిరుగుబాటు అతనివల్ల కాదు.

తీరా మా బస్తా కట్టే రోజున తెలిసింది, చాలా కర్చీఫులు పొడిగా, కొత్తగా ఉన్నాయని. అబద్ధపు సాక్ష్యం పంపడానికి వాళ్ళకి మనసొప్పలేదు. అందుకని అందరూ కూర్చుని ఏడవాలని తీర్మానించారు. పాత ఎపిసోడ్ ఏదైనా పెట్టుకుందామంటే కరెంటు పోయింది. ఖాళీ టీవీ ముందు, చేతుల్లో కర్చీఫులు పట్టుకుని, పెద్దవయసు ఆడవాళ్ళు ఏడుపు రాక ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. జీవితంలో అంతకంటే నవ్వొచ్చే దృశ్యం చూడలేదు. నవ్వకూడదు కూడా, గొంతు కదులుతుంది.

అప్పుడు మా అత్తయ్య చూపు నా మీద పడింది.

"అమ్మాయ్, ఇలా రా. పెద్దకోడలు భర్త ఫొటో ముందు ఏడుస్తుందే, అది ఒక్కసారి చెప్పు."

తల అడ్డంగా ఊపాను. గొంతు చూపించాను. ఫోనులో "డాక్టరు ఏడవద్దంది, గొంతు పోతుంది" అని టైపు చేసి ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు లేకుండా ఫోనుని చెయ్యి చాచినంత దూరం పెట్టి చూసింది.

"ఏదో సిగ్గుపడుతోంది," అని వాళ్ళకి చెప్పింది.

ఫోను తీసుకుని పక్కావిడకి ఇచ్చాను. ఆవిడ చదివింది. చదివి, "అయ్యో, ఒక్కసారికి ఏమవుతుందమ్మా. మేమంతా చేసేది నీ ఉద్యోగం కోసం కాదూ," అంది. మిగతావాళ్ళు అవునంటే అవునన్నారు. నన్ను కాపాడుతున్నారట. మెడకి తాడు కట్టి లాగుతూ ఆవుని తప్పిపోకుండా కాపాడినట్టు. మళ్ళీ తల ఊపి వంటింట్లోకి వెళ్ళిపోయాను. వెనకనుంచి "పొగరు" అన్న మాట వినపడింది. అన్నది మా అత్తయ్యే. ఆ మాటకి ఎవరికో నిజంగా కళ్ళు చెమర్చాయట, మంచి అత్తకి ఇలాంటి కోడలు దొరికిందని. అలా కొన్ని కర్చీఫులు తడిశాయి.

ఛానెల్‌వాళ్ళ మనసు కరిగిందని చెప్పను, వాళ్ళకి ఆ అవయవం లేదు. బస్తాల ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు, ఆ ఫొటోలు అన్నిచోట్లా తిరిగాయి, వాటిని చూసి ఒక సబ్బుపొడి కంపెనీ వచ్చింది. ఇన్ని మాసిన కర్చీఫులు ఒకేచోట ఉండటం వాళ్ళకి వరంలా తోచింది. వంటల పోటీని వెనక్కి నెట్టారు. "మీ ప్రేమే మా బలం, కన్నీటి కాపలా కొనసాగుతుంది" అని ప్రకటన వచ్చింది, పక్కనే సబ్బుపొడి ప్యాకెట్టు.

మా హాల్లో చప్పట్లు కొట్టుకున్నారు, ఒకర్నొకరు కౌగిలించుకున్నారు. మా ఆయన నా దగ్గరికొచ్చి, "పోనీలే, అమ్మ సంతోషంగా ఉంది కదా," అన్నాడు. డాక్టరమ్మ మాటలు అతను నా పక్కన కూర్చునే విన్నాడు.

ఆ రాత్రి పుస్తకాలాయనకి ఇంకొన్నాళ్ళు ఆగమని మెసేజ్ పెట్టాను. మర్నాడే స్టూడియో నుంచి పిలుపు. డబ్బింగ్ ఇన్‌చార్జి గుమ్మంలోనే ఎదురయ్యాడు. ఎప్పుడూ లేనిది నాకు కుర్చీ వేయించాడు.

"ఫ్యాన్స్‌కి థ్యాంక్స్ చెప్పడానికి స్పెషల్ సీను మేడమ్. ఎపిసోడ్ సగం ఏడుపే. మీరు అదరగొట్టాలి."

అప్పటికి మాట్లాడటానికి అనుమతి వచ్చింది. డాక్టరమ్మ కాగితం తీసి చూపించి, విషయం చెప్పాను. కాగితాన్ని రెండువైపులా తిప్పి చూశాడు.

"వేడినీళ్ళు తెప్పిస్తాను."

"వేడినీళ్ళతో పోయేది కాదండీ. ఇంకెవరినైనా పెట్టుకోండి. వద్దని మీరే ఒక మాట అనండి, నేను పోతాను."

"గొంతు మారిస్తే జనం మమ్మల్ని బతకనిస్తారా? సీరియల్‌ని నిలబెట్టింది వాళ్ళు మేడమ్. ఇప్పుడు వాళ్ళ మాటే మాకు వేదం." అంటూనే ఫోను మోగితే ఛానెల్ ఆఫీసుకి పరిగెత్తాడు.

గదిలోకి వెళ్ళాను. అద్దం అవతల సౌండ్ ఇంజనీరు. కొత్తగా చేసి పెట్టిన ఎపిసోడ్లేవీ లేవు, పొద్దున తీసింది సాయంత్రం వేయాలి. మేం అవగొట్టిన వెంటనే పంపకపోతే టీవీలో ఖాళీ తెర వస్తుంది. తెరమీద పెద్దకోడలు గడప పట్టుకుని, గుండ్రటి మొహమంతా తడిచేసుకుని అంకెలు చెబుతోంది. నాకిచ్చిన మాటలు ఇవి: "నేను వెళితే మీకు సుఖమంటే వెళతాను అత్తయ్యగారూ. ఈ గడపని నా కన్నీళ్ళతో కడిగి మరీ వెళతాను." పక్కన బ్రాకెట్లో, గుండెలవిసేలా, అని రాసి ఉంది.

ఎర్రదీపం వెలిగింది. నాకు భయం వేసింది. ఏడిస్తే గొంతు పోతుందన్న భయం, ఏడవకపోతే మాట తప్పానని ఏ స్టూడియో మెట్లూ ఎక్కనివ్వరన్న భయం. రెంటిలో ఏది పెద్దదో చూసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ మాటల్ని మామూలుగా చెప్పేశాను. సామాను సర్దుకుని, ఆటో పిలిచి, గుమ్మంలో నిలబడిన మనిషి చెప్పినట్టు.

ఇంజనీరు అద్దంలోంచి నావైపు గుడ్లప్పగించి చూశాడు. "ఏడుపు ఏదమ్మా?"

"ఆవిడ ఏడుస్తోంది కదా. ఇద్దరం ఎందుకు?"

గడియారం చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. "ఇంకోటి చేద్దామా?"

"ఎన్ని చేసినా ఇలాగే వస్తుంది బాబూ."

అతను ఏదో గొణుక్కుని తర్వాతి సీను పెట్టాడు. చెప్పకూడదు గానీ, అలా చెప్పేసరికి పెద్దకోడలు మొదటిసారి మనిషిలా అనిపించింది. కళ్ళు ఏడుస్తున్నాయి, గొంతు మాత్రం నిలబడి ఉంది. ఇంతకాలం ఆవిడంటే నాకున్న అసహ్యం కాస్త తగ్గింది కూడా. అన్నీ అలాగే చెప్పి, నీళ్ళు తాగి, ఇంటికొచ్చాను.

సాయంత్రం హాలు కిక్కిరిసింది. వాళ్ళు గెలిచిన ఎపిసోడ్ కదా, ఒకావిడ బిస్కెట్లు పంచింది. చేతుల్లో కొత్త కర్చీఫులు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. గడప సీను వచ్చింది. నా గొంతు వచ్చింది, ఏ వెక్కిళ్ళూ లేకుండా. హాల్లో కర్చీఫులు కళ్ళదాకా లేచి అక్కడే ఆగిపోయాయి.

"ఇదేంటి, దీనికి బాధే లేదు," అంది బిస్కెట్ల ఆవిడ.

"మొహం ఏడుస్తోంది, మాట ఏడవట్లేదు. లోపల ఏదో పెట్టుకుంది."

"మనం కాపాడామని నెత్తికెక్కింది."

"అత్తగారికి ఎదురు చెప్పినట్టే ఉంది వినడానికి," అంది ఇంకొకావిడ. చెప్పింది అదే మాట, వెళతానని. వెక్కుతూ చెబితే త్యాగం, నిలబడి చెబితే ఎదురు తిరగడం. ఇన్నాళ్ళూ వాళ్ళు ప్రేమించింది ఏమిటో ఆ రోజు నాకు బాగా అర్థమైంది. నా గొంతు నొచ్చుకుంటూ ఉంటేనే వాళ్ళకి చెవికింపు.

ఇన్‌చార్జి కేకలేశాడు, బతిమాలాడు, డాక్టరమ్మని తిట్టాడు. నేను ప్రతిరోజూ వేళకి వెళ్ళి, రాసిచ్చిన మాటలు ఒక్కటీ వదలకుండా మామూలుగా చెప్పి వచ్చాను. ఒప్పందంలో గొంతు ఇవ్వాలని ఉంది, ఏడవాలని లేదు. జనానికి భయపడి వాళ్ళు నన్ను వద్దనలేరు. వద్దనమని జనమే అడగాలి.

అడిగారు. ఈసారి కర్చీఫులు అక్కర్లేకపోయింది, ఛానెల్‌వాళ్ళు అభిప్రాయాలు చెప్పమని ఫోను నంబరు ఇచ్చారు. మా అపార్టుమెంటు నుంచి మొదటి ఫోను మా అత్తయ్యది. హాల్లో కూర్చుని, నేను బట్టలు మడతపెడుతుండగానే చేసింది.

"అవునండీ, పెద్దకోడలి గొంతు మార్చాలి. మాకు నచ్చట్లేదు. ఎవరైనా మంచి పిల్లని పెట్టండి, మనసున్న పిల్లని." పెట్టేసి, నావైపు చూడకుండా టీవీ సౌండు పెంచింది.

నిజం చెప్పొద్దూ, నాకు కావలసింది అదే. అయినా చేతిలో ఉన్న చొక్కా ఎంతకీ మడత కుదరలేదు.

"ప్రేక్షక దేవుళ్ళ కోరికమేరకు" నా ఒప్పందం రద్దయింది. నా బదులు ఒక చిన్నపిల్లని తెచ్చారు. తొలిరోజునే ఇల్లదిరేలా ఏడ్చిందట, ఇంజనీరు కూడా కళ్ళు తుడుచుకున్నాడట. సామాను తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఆ పిల్లకి డాక్టరమ్మ చిరునామా ఇచ్చాను. నాకు కుళ్ళని ఆ పిల్లకి కూడా ఎవరో చెప్పినట్టున్నారు, పలకరించకుండా తీసుకుని సంచిలో పడేసుకుంది. మా హాల్లో సాయంత్రాలు మళ్ళీ కన్నీటితో కళకళలాడాయి.

నది పుస్తకం మొదలుపెట్టే ముందురోజు మా అత్తయ్య వంటింట్లోకి వచ్చింది. నేను కూర తరుగుతున్నాను. పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఇంత చేశాక ఏదో ఒక మంచిమాట అంటుందని, నేను కత్తి పక్కన పెట్టాను. అంటే ఏం జవాబు చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను.

"నువ్వేం అనుకోకు అమ్మాయ్," అంది. "నీ మీద కోపమై ఫోను చెయ్యలేదు."

"మరి?"

"నువ్వు రోజూ ఇంట్లో ఎలా మాట్లాడతావో, టీవీలో పెద్దకోడలు కూడా అలాగే మాట్లాడటం మొదలెట్టింది. నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావాయె. అది వినడానికి మళ్ళీ టీవీ ఎందుకు చెప్పు?"

వెటకారం ఏమీ లేదు ఆవిడ మొహంలో. ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది, తరిగిన ముక్కల్లోంచి ఒకటి తీసి నోట్లో వేసుకుని లేచి వెళ్ళిపోయింది. నేను కత్తి మళ్ళీ అందుకున్నాను. ముక్కలు తరగడం పూర్తిచేశాను.

పొద్దున్నే వెళ్ళాను. చిన్న గది, మెత్తటి గోడలు, ఎదురుగా పుస్తకం తప్ప ఏ మొహమూ లేదు. పుస్తకాలాయన మైకు సరిచేసి, "హాయిగా చదవండి. మీ ఇంట్లో ఎవరికో చదివి వినిపిస్తున్నాననుకోండి," అన్నాడు.

ఎవర్ని అనుకోవాలా అని కాసేపు చూశాను. మా ఇంట్లో మనుషులు ఒక్కొక్కరే కళ్ళముందుకి వచ్చారు, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

"ఎవరూ లేకుండా చదవచ్చాండీ?" అని అడిగాను.

చదవచ్చన్నాడు. మొదటి పేజీ తీశాను.